ప్లాస్టిక్‌కు నీళ్లు తాపిన మనిషి

మా పాత ఫ్యాక్టరీవాళ్లకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పొద్దున్నే పూలగుత్తులు, పండుగలకు దీపాలు, ఎవరైనా పోతే జోడించిన చేతులు అందులో వస్తుంటాయి. పోయిన నెలలో ఒకరోజు ఆయన ఫొటో వచ్చింది. కింద 'భూపాలపల్లిలో గుండెపోటుతో కన్నుమూశారు' అని ఒక్క వాక్యం. గంటలోపే గ్రూపు నిండా చేతులు జోడించిన బొమ్మలు. ఒకడు 'మహా మేధావి' అని రాశాడు. ఆయన ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్లూ వెనకాల ఆయన నడకను అనుకరించి అందరినీ నవ్వించినవాడు వాడే. వాడిని తిట్టుకుంటూ నేను కూడా చేతులు జోడించి, ఫోన్ బోర్లా పెట్టాను. జనగామలో మా దుకాణానికి బకీటు కావాలని వచ్చిన ఆమెకు బిందె తీసి ఇచ్చాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, తనే లోపలికి వచ్చి బకీటు తీసుకుంది.

ఆయన మహబూబాబాద్ దగ్గర ఒక తండావాడు. నేను జనగామలో తాతల నాటి నుంచి దుకాణం ఉన్న ఇంటివాణ్ని. మేమిద్దరం కలిసింది మాత్రం పుణె అవతల, కార్లకు ప్లాస్టిక్ భాగాలు పోతపోసే ఫ్యాక్టరీలో. డిప్లొమా చేతపట్టుకుని నేను చేరిన రోజున ఆయన ఒక నల్లటి ముక్కను పంటితో కొరికి చూస్తున్నాడు.

"ఏ ఊరు?"

"జనగామ, సార్."

"సార్ ఎవడు బై ఈడ? అన్న అను. జనగామల మీదేం పని?"

"ప్లాస్టిక్ సామాన్ల దుకాణం. బాపు నడిపిస్తడు."

"ఓహో, సేటువా!" అని పకపకా నవ్వాడు. "మీ బాపు అమ్మిన బకీట్ల చెవులు ఒక్కటి గూడ ఎండకాలం దాటయి. మా తండల సగం బకీట్లను తాళ్లు గట్టి మోస్తం, తెల్సా?"

ఆ రోజు నుంచి నేను ఆయనకు సేటునే. ఫ్యాక్టరీలో మరాఠీవాళ్లు, తమిళులు, బీహారువాళ్లు అందరూ నన్ను అలాగే పిలవడం మొదలుపెట్టారు. నాకు అసలు పేరు ఒకటి ఉందని జీతం చీటీ చూసినప్పుడే గుర్తుకొచ్చేది.

ఆయనకు ప్లాస్టిక్ అంటే పిచ్చి. ఎక్కడ కనిపించినా దాన్ని గోటితో గీరాలి, పంటికి తట్టి చప్పుడు వినాలి, అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి పొగ వాసన చూడాలి. వాసన చూసి అది ఏ రకమో, అందులో ఎంత పాత సరుకు కలిపారో చెప్పేవాడు. బస్సులో ముందు సీటు వెనక భాగం గీరి కండక్టరుతో తిట్లు తిన్నాడు. మా పెళ్లికి జనగామ వచ్చినప్పుడు ఊరుకున్నాడా? పందిట్లో కుర్చీలు ఒక్కొక్కటీ బోర్లించి, కాళ్లు ఒత్తి చూసి, "ఈ వరుసల కూసోకుండ్రి, పాత మాలు కరగవెట్టి పోసిండ్రు" అని గట్టిగా చెప్పాడు. మా పెద్దమామ, ఎవడ్రా వీడు అన్నట్టు చూసి, కావాలనే వచ్చి ఆ వరుసలోనే కూర్చున్నాడు. తలంబ్రాల వేళకు కుర్చీ కాలు పుటుక్కుమంది. మా అత్తగారివాళ్లు ఇప్పటికీ ఆయన నాలుక మీద మచ్చ ఉండేదని నమ్ముతారు.

మనుషులను కూడా ఆయన అలాగే గీరి చూసేవాడు. "వాడు చూడ గట్టిగనే ఉంటడు గని, జర ఎండ తాకితె పెళుసైతడు" అని ఒకరి గురించి. "ఆయన మంచోడే గని అంటుకుంటె ఆరడు" అని మరొకరి గురించి. ఒకసారి నేనే అడిగాను, మరి నేనో అని. ఆయన ఆలోచించను కూడా లేదు.

"నువ్వు మెత్తటి మాలు, సేటూ. ఏ అచ్చుల పోస్తె ఆ అచ్చుకొస్తవు."

నేను మెచ్చుకోలు అనుకుని మురిసిపోయాను.

ఆయన జీవితమంతా పెట్టి చేసింది ఒక పెడల్. కారులో ఎడమకాలితో తొక్కే క్లచ్ పెడల్. అప్పటిదాకా దాన్ని ఇనుముతోనే చేసేవారు. నైలాన్‌లో సన్నటి గాజుపోగులు కలిపి ప్లాస్టిక్‌తో పోయవచ్చని ఆయన అన్నప్పుడు, మనిషి కాలి కింద ప్లాస్టిక్ పెడతావా అని నవ్వారట. ఏళ్ల తరబడి అచ్చులు మార్చాడు, పక్కటెముకల్లాంటి గట్లు ఎక్కడ ఉండాలో గీసి కొట్టేసి మళ్లీ గీశాడు. చివరికి కార్ల కంపెనీవాళ్లు వచ్చిన రోజున పెడల్‌ను రెండు ఇటుకల మధ్య పెట్టి, తన బూట్లతో దాని మీద ఎగిరి దూకాడు. అది వంగి లేచింది. ఇనుప పెడల్ బరువులో సగం కూడా లేదు. ఆ కంపెనీవాళ్లు తామూ ఒక్కొక్కరే దాని మీద ఎక్కి దూకారు. నేను చూసినవాటిలో అంత సంబరమైన మీటింగు మరొకటి లేదు.

అయితే ఆ పెడల్‌కు ఒక గుణం ఉంది. నైలాన్ అచ్చులోంచి వేడివేడిగా బయటికి వచ్చినప్పుడు ఎముకలా ఎండి ఉంటుంది. చూడటానికి గట్టిగానే ఉంటుంది కానీ సుత్తితో కొడితే, అందులోనూ చలిలో, పటుక్కున విరుగుతుంది. దాన్ని గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టాలి. అది నెమ్మదిగా నీళ్లు తాగి, కాస్త బరువెక్కి, అప్పుడు సాగే గుణం తెచ్చుకుంటుంది. అందుకని ఆయన పెద్ద పెద్ద స్టీలు తొట్లు కట్టించాడు. వాటిని గోలాలు అనేవాడు, మా ఇళ్లలో నీళ్లు నింపుకునే గోలెంలాగా. ప్రతి గంపను ముంచే ముందు ఒకసారి, తీశాక ఒకసారి చిన్న త్రాసులో తూచి, తాను చెప్పినంత బరువు పెరిగితేనే కార్డు మీద సంతకం పెట్టేవాడు. సంతకం లేనిది గేటు దాటదు. పనివాళ్లు ఆయనకు 'పానీ సాబ్' అని పేరు పెట్టారు. తొట్ల చుట్టూ ఆయన వంగి వంగి తిరిగే ఆ నడకనే అందరూ అనుకరించేది.

"ఇంత తతంగం ఎందుకన్నా?" అని నేను విసుక్కుంటే, ఆయన తీజ్ పండుగ కథ ఎత్తుకునేవాడు. వాళ్ల తండాలో పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టి పోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు. తొమ్మిదో రోజు ఆటపాటలతో తీసుకెళ్లి వాగులో కలుపుతారు.

"మొలకలు పచ్చగొచ్చెనా, పాలిపాయెనా అనేది నీళ్లు వోసిన చెయ్యిని బట్టి ఉంటది. ఎనిమిది దినాలు వోసి తొమ్మిదో దినం బద్దకం జేస్తివా, పాయె. గిది గూడ గంతే."

వానాకాలంలో ఆ పండుగకు మాత్రం ఆయన తప్పకుండా ఊరికి పోయేవాడు. మిగతా ఏ పండుగకూ సెలవు అడిగేవాడు కాదు. ఆ ఏడు కూడా తొట్లు నాకు అప్పగించి పోయాడు. సరిగ్గా ఆ వారంలోనే పెద్ద ఆర్డరు పడింది. తొట్లు చాలవు, సమయం చాలదు. ప్లాంటు మేనేజరు కోస్తా నుంచి వచ్చిన తెలుగువాడు. నన్ను పిలిపించి కూర్చోమన్నాడు.

"చూడవయ్యా, బయట వర్షం చూశావుగా. గాలి నిండా నీళ్లే. మీ ప్లాస్టిక్‌కి దాహమేస్తే గాలిలోంచే తాగుతుంది. ఈ ఒక్క లాటుకీ సంతకం పెట్టేసేయ్."

అది సగం నిజమే. నైలాన్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. కానీ దానికి వారాలు పడుతుంది, అదీ గాలి తగిలేలా విప్పి ఉంచితే. మేము చేసిందేమిటి? అచ్చులోంచి తీసిన పెడళ్లను తీసినట్టే మందపాటి కవర్లలో పెట్టి, గాలి చొరకుండా అంచులు కరిగించి అతికించి, పెట్టెల్లో సర్దాము. వాన ఫ్యాక్టరీ రేకుల మీద దబదబా పడుతూనే ఉంది, లోపల పెడళ్లకు ఒక్క చుక్క అందలేదు.

మేనేజరు నన్ను బెదిరించాడని రాసుకుంటే నాకు ఎంత హాయిగా ఉండేదో! బెదిరించలేదు. టీ తెప్పించాడు. "ఆయన తర్వాత ఈ సెక్షన్ చూసుకోవాల్సింది నువ్వేగా" అన్నాడు. అంతే. ఆ టీ తాగి, ఆయన పేరు ఉండాల్సిన చోట నా పేరు రాశాను.

ఆ సాయంత్రమే ఆయన తండా నుంచి ఫోన్ చేశాడు. వెనకాల ఆడపిల్లల పాట వినిపిస్తోంది. మధ్యలో తల్లితో "యాడీ, యాడీ" అంటూ వాళ్ల భాషలో ఏదో చెప్పి నవ్వి, మళ్లీ నా వైపు తిరిగాడు.

"ఎట్లున్నది సేటూ? గోలాలు నిండుగున్నయా?"

"నిండుగున్నయి అన్నా."

నిండుగానే ఉన్నాయి మరి. వాటిలో ఎవరూ ఏమీ ముంచలేదు కదా.

చలికాలం వచ్చింది. ఉత్తరాన కొండ ఊళ్లలో, పొద్దున్నే బండి తీసేవేళ మా పెడళ్లు విరగడం మొదలైంది. ఒక ఘాట్ రోడ్డు మీద బండి వెనక్కి జారి గోడకు కొట్టుకుంది. డ్రైవరు కాలు విరిగింది. ప్రాణం పోలేదు కదా అనుకుంటూ నేను చాలా రోజులు అన్నం తిన్నాను.

కార్ల కంపెనీవాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి ఎవరూ దేని మీదా దూకలేదు. కార్డు బల్ల మీద పెట్టి, దీనికి నీళ్లు పట్టించారా లేదా అని నన్ను అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు. ఆ కుర్రవాణ్ని నేనే తయారుచేశాను, అతని సంతకం ఉంటే పని అయినట్టే, అన్నాడు. మేనేజరు నా వైపు చూశాడు. "పట్టించాం" అన్నాను. నీళ్లు పట్టించాక కూడా విరిగిందంటే ఇక తప్పు ప్లాస్టిక్‌దే కదా. కాలి కింద ప్లాస్టిక్ పనికిరాదని అక్కడే తేల్చేశారు. పెడల్ మళ్లీ ఇనుముకు వెళ్లిపోయింది.

మీటింగు అయ్యాక ఆయన నన్ను తొట్ల దగ్గరికి తీసుకెళ్లాడు. మధ్యాహ్నం భోజనాల వేళ, అక్కడ ఎవరూ లేరు.

"సేటూ, గాళ్ల ముంగట అన్నది ఇడిచిపెట్టు. నాకు జెప్పు. నీళ్లు తాపినవా?"

"తాపిన అన్నా."

"జర తక్కువగిన అయ్యెనా? పరేషాన్ల మర్చిపోయినవా? అయితె అయిందని జెప్పు, నేను జూసుకుంట. నా మీదేసుకుంట."

ఇంతకంటే వెడల్పుగా తలుపు తెరిచేవాడు ఎవడుంటాడు? నేను ఆ తలుపు దగ్గరే నిలబడి, "లేదన్నా, పూర్తిగ తాపిన" అన్నాను.

ఆయన నా భుజం తట్టాడు. "అయితె తప్పు నాదే. లెక్కల యాడనో మోసం వచ్చింది."

ఆయన ముఖంలో కోపం ఉంటే బాగుండేది. లేదు. నన్ను నమ్మాడు. నమ్మి, అప్పటికప్పుడే జేబులోంచి కాగితం తీసి ఏదో గీసుకోవడం మొదలుపెట్టాడు.

వెనక్కి పంపిన పెట్టెలు తగాదా తేలేదాకా ఫ్యాక్టరీ పెరట్లోనే పడి ఉన్నాయి. పరీక్ష కోసమని వచ్చినవాళ్లందరూ కవర్లు చింపి వదిలేశారు. మరో వానాకాలం వాటి మీదుగానే పోయింది. అప్పుడు గానీ వాటిని ముట్టుకోవడానికి ఆయనకు అనుమతి దొరకలేదు. త్రాసు తెచ్చి ఒక్కొక్కటే తూచాడు. ఒక్కటి కూడా తేడా లేదు, అన్నీ ఆయన చెప్పిన బరువే ఉన్నాయి.

"సూడు, నువ్వు నిజమే జెప్పినవు" అన్నాడు నాతో.

ఆ బరువు పెరటి వాన పెట్టిన బరువని నాకు తెలుసు. నైలాన్ గాలిలోంచి కూడా తాగుతుందని నాకు నేర్పినవాడే ఆయన, ఆయనకు ఆ మాట తట్టకుండా ఉంటుందా? తట్టే ఉంటుంది. కానీ అలా అనుకోవాలంటే నన్ను అబద్ధాలకోరును చేయాలి. దానికన్నా తన లెక్కను తప్పు చేసుకోవడం ఆయనకు తేలికైంది. ఆ నెలలోనే రాజీనామా ఇచ్చాడు. భూపాలపల్లిలో వాళ్లావిడ సర్కారు బడిలో టీచరు, అక్కడికి వెళ్లిపోయాడు. ఆయన కుర్చీ నాకు ఇచ్చారు. తొట్లు పాత ఇనుప సామాన్లవాడికి ఇచ్చేశారు. నేను బంపర్లు, డాష్‌బోర్డులు పోయిస్తూ కొన్నేళ్లు అక్కడే పెద్దమనిషిగా తిరిగి, బాపు పోయాక జనగామ వచ్చి దుకాణంలో కూర్చున్నాను.

మళ్లీ ఒక్కసారే ఆయనను చూశాను. కార్తీకమాసంలో పిల్లలతో కాళేశ్వరం వెళితే, గోదావరి మెట్ల మీద కనిపించాడు. యాత్రికులు నీళ్లు నింపుకునే క్యాన్లు అమ్మే దగ్గర కూర్చుని, ఒక క్యాను మూత గీరుతున్నాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. నన్ను చూసి "సేటూ!" అని అరిచిన అరుపుకు మెట్ల మీద సగం మంది వెనక్కి తిరిగారు. మా పిల్లలకు, ఈయన నా గురువు అని చెప్పాను. ఆ మాట చెప్పడానికి కూడా నాకు నోరు వచ్చింది!

"ఇంక ఎత్కుతనే ఉన్న, సేటూ. గాజుపోగు పొడుగు తక్కువాయెనో, అచ్చుల ఆ మూలకాడ వంపు తక్కువాయెనో. ఇంట్లనే నానవెట్టి, ఫ్రిజ్జుల వెట్టి ఇరగ్గొట్టి చూస్తున్న. ఒక్కటి ఇర్గుత లేదు. మరి ఆడ ఎందుకిర్గె?"

"ఇప్పుడెందుకన్నా అవన్ని? ఇడిచిపెట్టరాదు."

"ఎట్ల ఇడుస్త? ఒకని కాలిరిగింది గద నా చేతుల మీద. ఏం తప్పు జేసిన్నో తెల్వకుంట ఎట్లుంట?"

చెప్పేస్తే అయిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఇంతలో మా ఆవిడ పైమెట్టు మీద నుంచి, పూజకు ఆలస్యమైతుందని కేకేసింది. "మళ్ల కలుద్దం అన్నా" అన్నాను. గుడిలోకి వెళ్లి, వరుసలో నిలబడి, శివుడి మీద గోదావరి నీళ్లు పోసి, చాలా భక్తిగా కళ్లు మూసుకున్నాను. మళ్లీ కలవలేదు. భూపాలపల్లి జనగామకు బస్సు దూరమే. అయినా కలవలేదు.

కర్మ అయిన తర్వాత వారం ఆగి భూపాలపల్లి వెళ్లాను. ఆయనను అన్నా అని పిలిచినవాణ్ని కాబట్టి ఆయన భార్య నాకు వదిన. ఆమెను అదివరకు మా పెళ్లిలో ఒకసారి చూశాను, అంతే. చాయ్ ఇచ్చి, వంటింట్లోకి రమ్మంది. పొయ్యి ఉన్న బండ తప్ప మిగతా చోటంతా డబ్బాలు. ప్రతి డబ్బాలో నీళ్లు, నీళ్లలో నల్లటి ముక్కలు, మూతల మీద ఆయన చేతిరాతతో తేదీలు. అటక మీద నోటుపుస్తకాల కట్టలు.

"గిన్నేండ్ల సంది గిదే సంసారం" అంది. "పొద్దుగాల లేస్తె తూకం, పండుకునేముంగట తూకం. నేనన్న, ఎవరు అడుగుతుండ్రు నిన్ను, కంపినోళ్లే మర్చిపోయిండ్రు అని. ఇంటెనా? పండుకున్నోడు దిగ్గున లేస్తుండె. ఆ డ్రైవరు కాలే కలలకొస్తదట."

నేను చాయ్ కప్పు కింద పెట్టలేక, తాగలేక పట్టుకుని నిలబడ్డాను.

"నీకన్న తెల్సా సేటు తమ్మీ, ఆయన ఏం తప్పు జేసిండో? తెలిస్తె జెప్పు. గీ పుస్తకాలన్ని చూసిన, నాకేం సమజ్ కాలె."

చెప్పాను. మేనేజరు, టీ, కవర్లు, ఫోన్లో ఆడపిల్లల పాట, పెరట్లో వాన, అంతా చెప్పాను. ఇన్నేళ్లు మోసిన మాట చెప్పడానికి చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. ఆమె ఏడవలేదు, కేకలు వేయలేదు. వేస్తే పడదామని సిద్ధపడే వెళ్లాను.

"అయితె ఆయన తప్పేం లేదు."

"లేదు వదినా."

"ఆ పెడల్‌ది?"

"దానిది గూడ లేదు."

ఆమె ఒక డబ్బా తీసి, మూత మీది తేదీ చదివి, మళ్లీ దాని చోటే పెట్టింది. తర్వాత నా వైపు తిరిగి, పిల్లవాడితో మాట్లాడినంత మెల్లగా అడిగింది.

"కాళేశ్వరంల కలిసినవు గద తమ్మీ. ఆ దినం చెప్తె ఏమైతుండె? నిన్ను ఒక్క మాట గూడ అనకపోవు. జర నిమ్మలంగ పండుకుంటుండె."